తప్పులు లెక్కపెట్టడంతో మొదలైన శాస్త్రం

టెట్ నోటిఫికేషనో డీఎస్సీ నోటిఫికేషనో పడిందంటే ఒంగోలు, నెల్లూరు, కావలి కోచింగ్ సెంటర్ల పక్కనుండే జిరాక్స్ షాపులకు ఊపిరాడదు. అక్కడ కట్టలు కట్టలుగా పోయే కాగితాల్లో ‘సైకాలజీ బిట్లు’ తప్పకుండా ఉంటాయి. టెట్ 150 మార్కుల్లో 30 మార్కులు శిశు వికాసం, పెడగాజీవే. 2025 మెగా డీఎస్సీలో పోస్టులు 16,347. ఒక్క మార్కు చేజారినా ఎన్ని ర్యాంకులు కిందికి జారతామో ఎవరికి వారే లెక్కేసుకుని టెన్షన్ పడే పరీక్ష అది. తెలుగునాట చాలామందికి మనోవిజ్ఞాన శాస్త్రంతో పరిచయం ఈ కాగితాల మీదే జరుగుతుంది. ఆధునిక మనోవిజ్ఞాన శాస్త్ర పితామహుడు? ఊంట్. మొదటి ప్రయోగశాల? లైప్‌జిగ్, 1879. కుక్క అంటే పావ్లోవ్, పిల్లి అంటే థార్న్‌డైక్, చింపాంజీ అంటే కోహెలర్, పావురం అంటే స్కిన్నర్.

ఇలా చదివితే మార్కులు వస్తాయి. కాదనడానికి లేదు. కానీ ఈ పేర్లన్నిటినీ కలిపే దారం ఒకటుంది, బిట్లుగా తెంపినప్పుడు పోయేది అదే. ఆ దారం తప్పు. కంటి తప్పు, చేతి తప్పు, జ్ఞాపకం తప్పు, నోరు జారిన తప్పు, పిల్లలు చెప్పే తప్పు జవాబు. తొలితరం మనోవిజ్ఞానవేత్తల్లో ఒక్కొక్కరూ, అప్పటిదాకా జనం విసుక్కుని పక్కన పడేసిన ఏదో ఒక తప్పును ఏరుకుని, దుమ్ము దులిపి, అది ఎంత, ఎప్పుడు, ఎందుకు అని అడిగినవాళ్లే. ఒక్క తప్పుకి కూడా చోటులేని పరీక్ష కోసం ఈ శాస్త్రాన్ని బట్టీ పట్టాల్సి రావడం మాత్రం కాస్త తమాషాయే.

అసలు కథ ఊంట్ కంటే ఎనభై ఏళ్లకు పైగా ముందే, ఒక ఉద్యోగం ఊడటంతో మొదలైంది. ఇంగ్లండ్‌లోని గ్రీనిచ్ ఖగోళశాలలో డేవిడ్ కినెబ్రూక్ అనే సహాయకుడు ఉండేవాడు. టెలిస్కోపులో కనిపించే సన్నటి తీగను నక్షత్రం ఏ క్షణంలో దాటిందో చెప్పడం అతని పని. కన్ను నక్షత్రం మీద, చెవి గడియారం టిక్కుల మీద పెట్టి, సెకనులో పదో వంతు దాకా అంచనా కట్టి రాయాలి. అతను రాసిన సమయాలకూ పై అధికారి నెవిల్ మాస్కెలిన్ రాసిన వాటికీ సుమారు 0.8 సెకన్ల తేడా వస్తూ ఉండేది. జాగ్రత్తగా చూడమని చెప్పినా తేడా తగ్గలేదు. 1796లో అతన్ని పనిలోంచి తీసేశారు.

రెండు దశాబ్దాలు గడిచాక బెసెల్ అనే జర్మన్ ఖగోళవేత్త ఈ సంగతి చదివాడు. పనివాడు సోమరి అని సరిపెట్టుకోకుండా, తన అంకెలను ఇతర నిపుణుల అంకెలతో పోల్చి చూసుకున్నాడు. ఏ ఇద్దరివీ కలవలేదు. పేరుమోసిన ఇద్దరు ఖగోళవేత్తల మధ్య తేడా సెకను దాటిన సందర్భం కూడా ఉంది. అంటే కినెబ్రూక్ చేసింది తప్పే కాదు. కన్ను చూసినదాన్నీ చెవి విన్నదాన్నీ మనసు జత చేయడానికి కొంత సమయం పడుతుంది, ఆ సమయం మనిషి మనిషికీ మారుతుంది. బెసెల్ దాన్ని లెక్కలోకి తీసుకోవాల్సిన విషయంగా చూశాడు. ఖగోళవేత్తలు దానికి ‘వ్యక్తిగత సమీకరణం’ అని పేరు పెట్టారు. ఉద్యోగం మాత్రం కినెబ్రూక్‌కి తిరిగి రాలేదు.

అప్పటి తత్వవేత్తల మాట వేరు. మనసును గణితానికి లొంగదీయడం కుదరదు కాబట్టి మనసును గురించిన చదువు అసలైన శాస్త్రం కాలేదని కాంట్ 1786లోనే రాసేశాడు. ఆ మాటకు లైప్‌జిగ్ నుంచి వచ్చిన మొదటి గట్టి జవాబు ఎర్నెస్ట్ వెబర్‌ది. ఆయన చేసిన పని వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. మనిషి చేతిలో ఒక బరువు పెట్టి, తర్వాత ఇంకో బరువు పెట్టి, రెండిట్లో ఏది ఎక్కువని అడిగాడు. జవాబులు ఎక్కడ తప్పడం మొదలవుతాయో చూశాడు. తేడా ఎన్ని గ్రాములన్నది అంత ముఖ్యం కాదని, మొదటి బరువులో అది ఎన్నో వంతు అన్నదే లెక్క అని తేలింది. ఎత్తి చూసే బరువుల్లో అది సుమారు నలభయ్యో వంతు. కిలో సరుకు మీద పాతిక గ్రాములు పెరిగితే చేతికి తెలుస్తుంది. నలభై కిలోల బస్తా మీద అదే పాతిక గ్రాములు పెరిగితే తెలియదు, కిలో పెరగాలి.

ఇది ఒంగోలు చుట్టుపక్కల రైతులకు కొత్తగా చెప్పాల్సిన విషయం కాదు. టంగుటూరు, కొండపి, పొదిలి వేలం కేంద్రాలకు పోయే పొగాకును ముందు ఇంటి దగ్గరే గ్రేడింగ్ చేస్తారు. రంగు, మందం, పట్టుకుంటే తగిలే మెత్తదనం చూసి, బ్రైట్ ఒకవైపు, మీడియం ఒకవైపు, లో గ్రేడ్ ఒకవైపు విడదీస్తారు. చేయి తిరిగినవాళ్లకు ఆకు తాకగానే తెలుస్తుంది. అయినా రెండు గ్రేడ్లకు నడిమధ్య పడే ఆకు ఎప్పుడూ ఉంటుంది. పొద్దున ఒక కుప్పలో పడింది సాయంత్రం ఇంకో కుప్పలో పడవచ్చు. మేలురకం బేలు పక్కన పెట్టిన మధ్యరకం బేలు ఉన్నదానికంటే మట్టంగా కనిపిస్తుంది, నాసిరకం పక్కన పెడితే అదే మెరుస్తుంది. నెల్లూరు వైపు రొయ్యల చెరువుల మీదా ఇంతే. కిలోకు యాభై తూగే 50 కౌంటు రొయ్యకూ, వంద తూగే 100 కౌంటు రొయ్యకూ తేడా చిన్నపిల్లాడైనా చెబుతాడు. 40 కౌంటుకూ 42 కౌంటుకూ, అంటే 25 గ్రాముల రొయ్యకూ 24 గ్రాములు కూడా రాని రొయ్యకూ తేడా చెప్పాలంటే కాటా కావాల్సిందే. రైతుకూ కొనేవాడికీ మధ్య వచ్చే వాదులాటల్లో కొన్ని మోసం వల్ల వచ్చేవే. కొన్ని మాత్రం వెబర్ కొలిచిన ఆ సన్నటి గీత దగ్గర పుట్టేవి. అక్కడ ఇద్దరూ నిజమే చెబుతుంటారు.

వెబర్ కొలతలకు గుస్తావ్ ఫెక్నర్ ఒక సూత్రం కట్టాడు. 1850 అక్టోబర్ 22 ఉదయం ఇంకా పక్క మీద ఉండగానే ఆలోచన తట్టిందని చెప్పుకున్నాడు. పదేళ్ల తర్వాత, 1860లో పుస్తకం వేశాడు. బయటి ప్రపంచంలో వెలుగు, చప్పుడు రెట్లలో పెరుగుతుంటే లోపలి అనుభూతి మెట్టుమెట్టుగానే పెరుగుతుంది. కరెంటు పోయిన ఇంట్లో ఒక్క కొవ్వొత్తి వెలిగిస్తే ఇల్లంతా మారిపోతుంది. పెళ్లి పందిట్లో వంద బల్బుల మధ్య ఇంకొకటి వెలిగించినా ఎవరూ తలెత్తి చూడరు. కాంట్ కుదరదన్నది ఇక్కడ కుదిరింది.

అదే 1850లో హెల్మ్‌హోల్ట్జ్ ఇంకో పని చేశాడు. నాడిలో కబురు పాకే వేగాన్ని ఎవరూ ఎప్పటికీ కొలవలేరని ఆయన గురువు ముల్లర్ నమ్మేవాడు. శిష్యుడు కప్ప కాలి నాడిని రెండుచోట్ల తట్టి, కండరం కదలడానికి పట్టిన సమయాల తేడాతో కొలిచేశాడు. సెకనుకు సుమారు 27 మీటర్లు. నెల్లూరు మీదుగా పోయే ఓ మోస్తరు ఎక్స్‌ప్రెస్ బండి వేగం అది, మెరుపు వేగమేమీ కాదు. నాడిలో కబురు పాకడానికీ సమయం పడుతుందని దీంతో రుజువైంది. సమయం పట్టేది ఏదైనా గడియారానికి చిక్కుతుంది.

ఊంట్ వచ్చింది ఈ పునాది మీదికి. 1879లో లైప్‌జిగ్‌లో పెట్టిన ప్రయోగశాల గొప్పతనం పరికరాల్లో కంటే, అక్కడ చదివి వెళ్లినవాళ్లు దేశదేశాల్లో పెట్టిన ప్రయోగశాలల్లో ఎక్కువగా కనిపిస్తుంది. ఆ పాయ మన దేశానికీ వచ్చింది. ఊంట్ శిష్యుడు మున్‌స్టర్‌బర్గ్ అమెరికాలోని హార్వర్డ్‌కు వెళ్లాడు. ఆయన దగ్గర చదువుకున్న నరేంద్రనాథ్ సేన్‌గుప్తా 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో మనోవిజ్ఞాన విభాగాన్ని మొదలుపెట్టారు. 1924లో మైసూరులో విభాగం పెట్టిన ఎం.వి. గోపాలస్వామి లండన్‌లో స్పియర్‌మన్ శిష్యుడు. ఈయనే 1935లో మైసూరులో సొంతంగా ఒక రేడియో స్టేషన్ నడిపారు, దాని పేరు ఆకాశవాణి. రోజూ రేడియోలో ఆ పేరు విన్నవాళ్లలో చాలామందికి, అంతకుముందు అది ఒక సైకాలజీ ప్రొఫెసర్ నడిపిన స్టేషన్ పేరని తెలియదు.

బిట్ల పుస్తకాల్లో ఊంట్‌కు జరిగే అన్యాయం ఒకటుంది. ఆయన్ని టిచ్‌నర్‌తో కలిపి ‘సంరచనాత్మక వాది’ అని ఒకే గాటన కట్టేస్తారు. ఆ పేరూ ఆ వాదం స్థిరపడటమూ ఎక్కువగా టిచ్‌నర్ వల్లే. ఆయన అమెరికాలోని కార్నెల్‌లో కూర్చుని, మనసును రసాయన పదార్థంలా విడగొట్టి రంగు, చప్పుడు, స్పర్శ లాంటి 44,000కు పైగా సంవేదనలను లెక్కగట్టాడు. ఊంట్ దృష్టి అంత ఇరుకు కాదు. భాష, పురాణాలు, ఆచారాలు ప్రయోగశాలకు లొంగవని ఒప్పుకుని, వాటి కోసం చివరి ఇరవై ఏళ్లలో పది సంపుటాలు రాశాడు. పరీక్షల్లో ఆ పది సంపుటాల ఊసే రాదు.

అంతఃపరిశీలన పద్ధతి ఎందుకు కూలిందన్నది అసలు చదవాల్సిన భాగం. ‘నీ లోపల ఏం జరుగుతోందో నువ్వే గమనించి చెప్పు’ అన్నది ఆ పద్ధతి. ఊంట్ శిష్యుడే అయిన క్యూల్పే వుర్ట్స్‌బర్గ్‌లో అదే పద్ధతితో, బొమ్మలూ మాటలూ లేని ఆలోచనలు కూడా ఉంటాయని తేల్చాడు. టిచ్‌నర్ మనుషులు ఎంత వెతుక్కున్నా అలాంటివి కనిపించలేదు. మీవాళ్లకు శిక్షణ చాలలేదని వీళ్లు, మీవాళ్లకు చూపు చాలలేదని వాళ్లు. తీర్పు చెప్పే మూడో మనిషి లేడు. గ్రీనిచ్‌లో ఇద్దరి మధ్య తేడా వస్తే చూసుకోవడానికి నక్షత్రం, గడియారం ఉన్నాయి. ఇక్కడ ఏమీ లేవు. తప్పు ఎవరిదో తేల్చే దారి లేని చోట కొలత ఆగిపోతుంది.

ఇక్కడ మన వైపు నుంచి ఒక మాట వినిపిస్తుంది: ఇవన్నీ మన శాస్త్రాల్లో ఎప్పుడో ఉన్నాయని. సగం నిజం. మసకచీకట్లో తాడును చూసి పామనుకోవడం మీద భారతీయ దార్శనికులు చేసిన చర్చ మామూలుది కాదు. ఎక్కడో చూసిన పామునే ఇక్కడ మరోలా చూస్తున్నామని నైయాయికులు అన్నారు. దాన్ని అన్యథాఖ్యాతి అన్నారు. ప్రాభాకర మీమాంసకులు అసలు తప్పుడు జ్ఞానమే లేదన్నారు. కళ్లముందున్న ‘ఇది’కీ, జ్ఞాపకంలోంచి వచ్చిన ‘పాము’కీ తేడా పట్టుకోలేకపోవడమే జరిగిందని వాళ్ల అఖ్యాతి వాదం. ఆ పాము ఉన్నదనీ అనలేం, లేదనీ అనలేం అన్నది అద్వైతుల అనిర్వచనీయ ఖ్యాతి. టిచ్‌నర్ పట్టికలకంటే ఈ చర్చ చాలా పదునైనది. అయితే ఎంత వెలుతురులో, ఎన్ని బారల దూరంలో, నూరుమందిలో ఎందరికి తాడు పాముగా కనిపిస్తుందో లెక్కపెట్టడం ఆ చర్చకు అవసరం పడలేదు. మనోవిజ్ఞానానికి గతం పొడుగు, చరిత్ర మాత్రం పొట్టి అని ఎబ్బింగ్‌హాస్ 1908లో అన్నది సరిగ్గా ఈ తేడా గురించే.

ఎబ్బింగ్‌హాస్ దగ్గర కాస్త ఆగాలి. పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు అందరికంటే దగ్గరివాడు, అందరికంటే ఎక్కువగా అపార్థమైనవాడు కూడా ఈయనే. పారిస్‌లో పాత పుస్తకాల మధ్య ఫెక్నర్ పుస్తకం దొరికింది. బరువును, వెలుగును కొలిచినట్టు జ్ఞాపకాన్ని ఎందుకు కొలవకూడదనుకున్నాడు. ప్రయోగశాల లేదు, శిష్యులు లేరు. తన మీద తానే ప్రయోగం చేసుకున్నాడు. తెలిసిన మాటలైతే పాత జ్ఞాపకాలు సాయం వస్తాయని, సుమారు 2,300 అర్థరహిత పదాంశాలు తయారుచేసుకుని, గడియారం చప్పుడుకి తగ్గట్టు ఒకే వేగంతో చదివి, తప్పు లేకుండా అప్పచెప్పేదాకా వల్లెవేశాడు. కొంత వ్యవధి ఇచ్చి, మళ్లీ అదే జాబితాను తప్పు లేకుండా రావడానికి ఎంతసేపు పట్టిందో చూశాడు. 1885లో ఫలితాలు అచ్చయ్యాయి. ఆదా అయిన సమయం ఇరవై నిమిషాల తర్వాత 58 శాతం, గంట తర్వాత 44, ఒక రోజుకు 34, ఆరు రోజులకు 25, 31 రోజులకు 21.

ఈ అంకెలను చాలాచోట్ల ‘ఒక్క రోజులో 66 శాతం మర్చిపోతాం’ అని గోడల మీద అతికిస్తారు. ఎబ్బింగ్‌హాస్ కొలిచింది అది కాదు. ఆయన వాడింది పొదుపు పద్ధతి. మొదటిసారి నేర్చుకోవడానికి 100 నిమిషాలు పట్టిందనుకుంటే, మర్నాడు మళ్లీ నేర్చుకోవడానికి 66 నిమిషాలు చాలు. ఆదా అయిన 34 నిమిషాలు ఏదో లోపల మిగిలి ఉందనడానికి సాక్ష్యం. ఒక్క పదాంశం కూడా నోటికి రాకపోయినా ఆదా ఉండవచ్చు. ఆరు నెలల గ్యాప్ తర్వాత పుస్తకం తెరిచి, అంతా గాలికి పోయిందని తల పట్టుకునే అభ్యర్థికి ఈ తేడా చిన్నది కాదు. ఇంకోటి: ఒక రోజుకు 34, నెల రోజులకు 21. పడిపోయేదంతా మొదటి గంటల్లోనే పడిపోయింది, ఆ తర్వాత నెల రోజుల్లో జారింది 13 మాత్రమే. పైగా ఇది అర్థం లేని సరుకు. అర్థమై చదివింది ఇంత వేగంగా కరగదని ఆయనే చూశాడు. 2015లో ఇద్దరు పరిశోధకులు ఈ ప్రయోగాన్ని మళ్లీ చేస్తే గీత దాదాపు అలాగే వచ్చింది.

బిట్ల పుస్తకాల్లో పెద్దగా కనిపించని ఒక పేరు ఇక్కడే చెప్పాలి. మేరీ విటన్ కాల్కిన్స్. హార్వర్డ్‌లో పీహెచ్‌డీకి కావాల్సిన పనంతా పూర్తిచేసినా, ఆడమనిషి అన్న కారణంగా ఆ విశ్వవిద్యాలయం పట్టా ఇవ్వలేదు. 1905లో అమెరికా మనోవిజ్ఞానవేత్తల సంఘానికి తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. జ్ఞాపకాన్ని పరీక్షించడానికి ఆమె తయారుచేసిన పద్ధతి జంటల పద్ధతి. ఒక రంగు, పక్కన ఒక అంకె చూపించి, తర్వాత రంగు మాత్రమే చూపించి అంకె అడగడం. ‘ఊంట్ – లైప్‌జిగ్, పావ్లోవ్ – కుక్క’ అని జంటలు కట్టి వల్లెవేసే ప్రతి అభ్యర్థీ తెలియకుండానే ఆమె ప్రయోగంలో కూర్చున్నట్టే.

పావ్లోవ్‌కి తప్పు తనంతట తానే ఎదురొచ్చింది. ఆయన జీర్ణక్రియ శాస్త్రజ్ఞుడు, 1904లో నోబెల్ వచ్చింది కూడా దానికే. నోట్లో ఆహారం పెట్టాక ఊరే లాలాజలాన్ని కొలవడం ఆయన పని. కుక్కలేమో తిండి పెట్టే మనిషిని చూడగానే చొంగ కార్చడం మొదలెట్టాయి. లెక్క చెడింది. ఇంకొకరైతే ఆ కుక్కల్ని మార్చేవారు. పావ్లోవ్ జీర్ణక్రియను పక్కన పెట్టి ఆ చెడిన లెక్క వెంటే మిగతా జీవితమంతా నడిచాడు. బిట్లలో శాస్త్రీయ నిబంధనం (తిండితో జతపడ్డ గుర్తుకే లాలాజలం ఊరడం), విలుప్తీకరణం (ఆ అలవాటు ఆరిపోవడం), అయత్నసిద్ధ స్వాస్థ్యం (ఆరింది తనంతట తానే తిరిగి రావడం) అని బరువైన పేర్లతో కనిపించేవన్నీ అక్కడ పుట్టినవే. 1924లో లెనిన్‌గ్రాడ్‌ను వరద ముంచినప్పుడు నీళ్లలో చావు తప్పి బయటపడ్డ కుక్కల్లో కొన్ని, ఎన్నాళ్లుగానో నేర్చుకున్నవి మర్చిపోయాయి. పెన్న పొంగినప్పుడో తుఫాను కొట్టినప్పుడో పిల్లలు కొన్నాళ్లు చదువు మీద మనసు పెట్టలేకపోవడం చూసిన టీచర్లకు ఈ చివరి ముక్క సిలబస్‌లో ఉంటే బాగుండేది.

థార్న్‌డైక్ సంగతి పేరులోనే ఉంది. మన పుస్తకాలు ఆయన పద్ధతిని ‘యత్నదోష అభ్యసనం’ అంటాయి. హార్వర్డ్‌లో చదివేటప్పుడు కోడిపిల్లలతో ప్రయోగాలకు చోటు దొరక్కపోతే విలియం జేమ్స్ తన ఇంటి నేలమాళిగ ఇచ్చాడు. మనసును ముక్కలుగా కాకుండా పారే ఏరులా చూడాలని, అది ఏమిటని కాక దేనికి పనికొస్తుందని అడగాలని 1890లో రాసిన జేమ్స్ ఈయనే. తర్వాత థార్న్‌డైక్ పిల్లుల్ని చిక్కుపెట్టెల్లో పెట్టి, బయట తిండి పెట్టి, అవి తప్పించుకునే సమయాన్ని రాసుకున్నాడు. 1898లో ఆయన చూపించింది, పిల్లికి ఒక్కసారిగా ఏదో వెలిగి బయటపడటం లేదని. తప్పుడు ప్రయత్నాలు కొద్దికొద్దిగా రాలిపోతాయి, పనికొచ్చింది మిగులుతుంది. దీనికి ఎదురు వాదం కోహెలర్‌ది. సుల్తాన్ అనే చింపాంజీ రెండు కర్రలను ఒకదాంట్లో ఒకటి దూర్చి పండును అందుకోవడం చూసి, లేదు, వెలగడం కూడా ఉందన్నాడు. ఇద్దరిదీ నిజమే కావచ్చు. పిల్లికి పెట్టె తలుపు మీట లోపలి ఏర్పాటు కనిపించదు, సుల్తాన్‌కి కర్రలు, పండు అన్నీ కళ్లముందే ఉన్నాయి. కనిపించనిచోట ఎవరైనా తడుముకోక తప్పదు.

కోహెలర్ గురుమిత్రుడు వెర్థైమర్ 1912లో పట్టుకున్న తప్పు తిరునాళ్లకు వెళ్లినవాళ్లందరికీ పరిచయమే. విద్యుత్ ప్రభ మీద బల్బుల వరస కింది నుంచి పైకి పరుగెత్తుతుంది. ఏ బల్బూ కదలదు, ఒకటి ఆరి పక్కది వెలుగుతుంది, అంతే. తెలిసినా కంటికి పరుగే కనిపిస్తుంది. విడివిడి సంవేదనలను కలిపితే అనుభవం వస్తుందన్న టిచ్‌నర్ లెక్కలో ఈ పరుగుకు చోటు లేదు, ఎందుకంటే అది ఏ ఒక్క బల్బులోనూ లేదు. విడి ముక్కల్లో లేనిది మొత్తంలో ఉంటుందనే గెస్టాల్ట్ వాదం ఈ పరుగు మీద నిలబడింది.

వాట్సన్ 1913లో అంతఃపరిశీలనను పూర్తిగా పక్కకు నెట్టి, కనిపించే ప్రవర్తన ఒక్కటే శాస్త్రమన్నాడు. ప్రవర్తనావాదం అంటే ఇదే. 1920లో ఒక పసివాడికి తెల్ల ఎలుక అంటే భయం నేర్పించి, ఆ భయం పోగొట్టకుండానే వదిలేశాడు. ఇవాళ ఏ నీతి కమిటీ ఒప్పుకోని పని. ఆ తర్వాత విశ్వవిద్యాలయం వదిలి ప్రకటనల రంగంలోకి వెళ్లి అక్కడా రాణించాడు.

స్కిన్నర్ కాస్త లోతు మనిషి. ప్రతిసారీ దొరికే బహుమతి కంటే, ఎప్పుడు దొరుకుతుందో తెలియని బహుమతే అలవాటును ఎక్కువకాలం బతికిస్తుందని ఆయన ఎలుకలు, పావురాలు చూపించాయి. మూడు పంటలు రోగాలొచ్చి పోయినా నాలుగోసారి చెరువులో పిల్ల వదిలే రొయ్యల రైతును చూసి ఆశపోతు అనేవాళ్లున్నారు. అప్పులు, లీజులు వెనక్కి తిరగనివ్వవన్నది ఒక నిజం. ఎప్పుడో ఒకసారి కలిసొచ్చిన పంట తాలూకు జ్ఞాపకం కూడా అందులో పనిచేస్తుందన్నది స్కిన్నర్ చెప్పే నిజం. ఆ రెండోది మనిషి గుణంలో లేదు, లాభం వచ్చే తీరులో ఉంది.

నెల్లూరు జిల్లా చరిత్రలోనే దీనికి ఇంకో రుజువుంది. 1990ల మొదట్లో దూబగుంట ఆడవాళ్లు అక్షరాస్యత తరగతుల్లో కూర్చుని మాట్లాడుకోవడంతో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం జిల్లా అంతా పాకింది. తాగుబోతులకు నీతులు చెప్పే పని అప్పటికే తరతరాలుగా జరుగుతోంది, ఫలితం లేదు. వీళ్లు దుకాణాలు మూయించారు, సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. తాగడం మగవాడి బలహీనత అన్నంతకాలం అది అతని తప్పు. కూలి డబ్బులు చేతికందే వేళకి ఊరి నడుమ సారా సిద్ధంగా ఉండటం కూడా కారణమే అన్నప్పుడు, మార్చాల్సింది ఇంకోటని తెలుస్తుంది. స్కిన్నర్ పేరు విననివాళ్లు ప్రవర్తనావాదంలోని మంచి ముక్కను పట్టుకున్నారు.

ఫ్రాయిడ్ కూడా తప్పుల మనిషే. నోరు జారడం, పేరు మర్చిపోవడం, వస్తువు ఎక్కడో పెట్టేయడం, వీటన్నిటి వెనుకా అర్థం ఉందని 1901లో రాశాడు. కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ 1922లో మనోవిశ్లేషణ సంఘం పెట్టి, ఆయనకు ఉత్తరాలు రాస్తూనే ఆయనతో విభేదించారు. ఫ్రాయిడ్‌తో వచ్చిన చిక్కు ఒక్కటే. రోగి ఒప్పుకుంటే సిద్ధాంతం నిజం, ఒప్పుకోకపోతే అది ప్రతిఘటన కాబట్టి అప్పుడూ నిజం. అందరి తప్పులకూ అర్థం చెప్పిన సిద్ధాంతం తాను తప్పయ్యే దారి మాత్రం ఉంచుకోలేదు.

చివరగా పియాజే. 1920 ప్రాంతంలో పారిస్‌లో సిమోన్ దగ్గర చేరినప్పుడు ఆయనకిచ్చిన పని చాలా చప్పనిది. పిల్లల తెలివి పరీక్షలకు ప్రమాణాలు కట్టడం, అంటే ఎన్ని ఒప్పులో లెక్కపెట్టడం. పియాజే కళ్లు తప్పుల మీద పడ్డాయి. ఒకే వయసు పిల్లలు ఒకే రకంగా తప్పుతున్నారు. తెలియక తోచింది చెబితే తప్పులు చెల్లాచెదురుగా ఉండాలి కదా. మార్కులు వేయడం ఆపి, ఎందుకలా అనుకుంటున్నావని అడగడం మొదలెట్టాడు. రెండు ఒకేలాంటి గ్లాసుల్లో సమానంగా మజ్జిగ పోసి, ఒకదాన్ని సన్నటి పొడుగు గ్లాసులోకి వంచి, ఎందులో ఎక్కువని అడిగితే అయిదేళ్ల పిల్ల పొడుగుదాన్ని చూపిస్తుంది. ‘పదిలపరచుకొనే భావన’ (ఆకారం మారినా కొలత మారదన్న ఎరుక) లోపం, పూర్వ ప్రచాలక దశ (రెండు నుంచి ఏడేళ్ల వయసు). టెట్‌లో ఒక మార్కు.

ఆ ఒక్క మార్కు బిట్టుకు 1974లో ఒక తోక మొలిచింది. రోజ్, బ్లాంక్ అనే పరిశోధకులు ఇదే భావన మీద, గ్లాసుల బదులు వస్తువుల వరసలతో, పియాజే ప్రయోగాన్ని చిన్న మార్పుతో చేశారు. పియాజే పద్ధతిలో ఒకే ప్రశ్నను రెండుసార్లు అడుగుతారు, మార్చకముందు ఒకసారి, మార్చాక ఒకసారి. వీళ్లు మార్చాక మాత్రమే, ఒక్కసారే అడిగారు. సరిగ్గా చెప్పిన పిల్లల సంఖ్య పెరిగింది. ఆ పిల్లల్లో కొందరికి లెక్క సంగతి తెలియకపోవడం కాదు, పెద్దవాళ్ల సంగతి బాగా తెలుసు. అయ్యవారు అడిగిందే మళ్లీ అడిగారంటే మొదట చెప్పింది తప్పని మన ఒకటో తరగతి పిల్లలకైనా అర్థమవుతుంది, వెంటనే జవాబు మార్చేస్తారు.